22 నిమిషాల తీర్పు: ఎవరి దుకాణం చరిత్రకెక్కుతుంది?

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నగరం అంచున గుగులెతు అనే నల్లవాళ్ల వాడ వుంది. 1950లో తెల్ల ప్రభుత్వం తెచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఎవరు ఎక్కడ బతకాలో రంగును బట్టి నిర్ణయించింది. ఆ వెలి రాజ్యంలో, 1960ల నాటికి నల్లవాళ్ల కోసం నగరానికి దూరంగా కట్టిన వాడ అది. వూరూ వాడా వేరని తెలిసిన మనకి ఆ భూగోళాన్ని వివరించనక్కర్లేదు. 2003లో అక్కడ మ్జోలి అనే ఆయన మాంసం కొట్టు పెట్టాడు. కొన్న మాంసాన్ని అక్కడే నిప్పుల మీద కాల్చి యిచ్చేవాళ్లు. పాటా ఆటా తోడై అదొక జనకూడలి అయింది.

2007 సెప్టెంబరులో వికీపీడియా స్థాపకుల్లో ఒకరైన జిమ్మీ వేల్స్ ఆ కొట్టు గురించి అందులో ఒక చిన్న వ్యాసం మొదలుపెట్టాడు. 22 నిమిషాల్లో ఒక నిర్వాహకుడు దాన్ని తీసేశాడు. ఈ కొట్టుకి వున్న ప్రాముఖ్యత ఏమిటో చెప్పలేదన్నది అభ్యంతరం. పెద్ద వాదన జరిగింది. పలువురు పూనుకుని ఆధారాలు వెతికి చేర్చాక వ్యాసం నిలిచింది.

స్థాపకుడికే చుక్కెదురైందని చాలామంది దీన్ని నవ్వుకోడానికి చెబుతారు. మా ప్రశ్న వేరు. ఆ వ్యాసం మొదలుపెట్టింది గుగులెతులో వుండే ఒక కుర్రాడైతే? అంతమంది ఆధారాలు వెతికేవాళ్లా? వ్యాసాన్ని కాపాడింది కొట్టు గొప్పదనమా, రాసినవాడి పేరా?

వికీపీడియా ఇంగ్లిషులో నోటబిలిటీ అనేదాన్ని, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా విషయ ప్రాముఖ్యత అంటుంది. సారం యిది: ఆ విషయంతో సంబంధం లేని నమ్మదగిన వాళ్లు దాని గురించి వివరంగా రాసి వుండాలి. వ్యాపార సంస్థల విషయంలో ఇంగ్లిషు వికీ మరింత కఠినం. దుకాణం తెరిచారన్న నాలుగు ముక్కల వార్త లెక్కలోకి రాదు. స్థానిక పత్రికలు మాత్రమే రాస్తే చాలదు, ప్రాంతీయ స్థాయిదో జాతీయ స్థాయిదో ఒక్క ఆధారమైనా కావాలి. అంటే యిక్కడ కొలిచేది దుకాణాన్ని కాదు, దాని గురించి యితరులు రాశారా లేదా అన్నదాన్ని.

చూడ్డానికి నిబంధనకి కులం లేదు. రాసే చేతులకి వుంది. 1996లో బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో ప్రభుత్వ గుర్తింపు వున్న విలేఖరుల జాబితా తిరగేసి, ఒక్క దళిత విలేఖరీ కనబడలేదని పయనీర్ పత్రికలో రాశాడు. తర్వాతైనా మారిందా? 2019లో ఆక్స్‌ఫాం, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో, పరిశీలించిన మీడియా సంస్థల్లోని 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాల చేతిలో వున్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. ఆ పత్రికలు రాసిందే ఆధారం, రాయనిది లేనట్టే అంటే పత్రికాఫీసులోని వెలి విజ్ఞాన సర్వస్వంలోకి నడిచివస్తుంది. నిర్వాహకుడు కులం చూడనక్కర్లేదు. ఆ పని అంతకు ముందే జరిగిపోయింది.

ఒక వూళ్లో దళిత స్త్రీ టీకొట్టు పెట్టిందనుకుందాం. రెండు గ్లాసుల పద్ధతి చూసిన నేల యిది. ఆమె చేతి టీ ఎవరు తాగారు, ఎవరు తాగలేదు, గది అద్దెకి ఎవరిచ్చారు, సరుకు ఎవరు అప్పు పెట్టారు, బెంచీ మీద ఎవరి పక్కన ఎవరు కూచున్నారు? యిదంతా ఆ వూరి సామాజిక చరిత్ర కాదా? కానీ పత్రికలో ఆమె పేరు వస్తే గిస్తే కొట్టు మీద దాడి జరిగినప్పుడే వస్తుంది, అదీ జిల్లా టాబ్లాయిడ్‌లో ఓ మూల. బాధితురాలిగా వార్త అవుతుంది, వ్యాపారిగా కాదు. స్థానిక వార్త కాబట్టి అదీ చెల్లదు.

అలాగని నిబంధన ఎత్తేయమందామా? మేం అనం. గేటు తీస్తే ముందు దూరేది వాడలోని టీకొట్టు కాదు, ప్రచారానికి డబ్బున్నవాడి షోరూం. 2015లో ఇంగ్లిషు వికీపీడియా డబ్బుకి వ్యాసాలు రాస్తున్న 381 ఖాతాల్ని నిషేధించింది. వాళ్లు తిరస్కరణకి గురైన చిన్న వ్యాపారుల వ్యాసాలు వెతికి పట్టుకుని, డబ్బిస్తే పెట్టిస్తామన్నారు. పెట్టాక కాపాడతామని మళ్లీ అడిగారు. నష్టపోయింది చిన్నవాళ్లే. కాబట్టి స్వతంత్ర ఆధారం అడగడం తప్పు కాదు. అచ్చయినదాన్ని మాత్రమే ఆధారమనుకోవడం దగ్గరే మాకు పేచీ.

ఆ పేచీని ముందుగా తేల్చి చూపింది దక్షిణాఫ్రికా, భారతదేశాలే. 2011లో అచల్ ప్రభల తదితరులు హిందీ, మలయాళం, ఉత్తర సోతో భాషల్లో జనం నోటిమాటని రికార్డు చేసి, దాన్నే వికీ వ్యాసాలకి ఆధారంగా చూపారు. పుస్తకంలో లేనిది కూడా తెలిసినవాళ్లు వుంటే తెలుస్తుందని రుజువు చేశారు. దాన్ని అందరికీ వర్తించే నియమం చేయడానికి మాత్రం వికీ లోకం ముందుకు రాలేదు.

మేం కోరేది రెండు. ఒకటి, తీర్పు మాట మారాలి. ఆధారాలు దొరకలేదంటే ఒప్పుకుంటాం. ప్రాముఖ్యత లేదంటే ఒప్పుకోం. మొదటిది వెతికినవాడి పరిమితి, రెండోది ఒక బతుకు మీద తీర్పు. రెండోది, మనం చేయాల్సిన పని. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత తెలుగునాట దళితులు తమ చిన్న పత్రికల్లో తమ మాట అచ్చేసుకున్నారు. కానీ మనం కూడా దాడుల్ని రాసినంతగా దుకాణాల్ని రాయలేదు. తోలు పని, బ్యాండు మేళం, టీకొట్టు, మాంసం కొట్టు మన పేజీల్లో ఎన్నిసార్లు కనబడ్డాయి? విద్యార్థులు ప్రాజెక్టు పని కోసం సేకరించిన వివరాలు అల్మారాల్లో పడివున్నాయి. పేరు, ఏడాది, పెట్టుబడి, అప్పు, అవమానం, లాభనష్టాలు అడిగి, సరిచూసి, తేదీ వేసి అచ్చెయ్యాలి. మన చుట్టం కొట్టుని మనమే పొగుడుకుంటే అదీ ప్రకటనే, అది వద్దు. తప్పుల్నీ రాయాలి.

ఆ అచ్చుకాయితం పట్టుకుని వికీ చర్చా పేజీలోకి వెళ్దాం. అక్కడ ఎవరైనా వాదించొచ్చు. 22 నిమిషాల్లో కొట్టేస్తే, 23వ నిమిషంలో మనం అక్కడ వుండాలి.