వ్యవసాయ ఇంజనీరింగ్ పాఠ్యక్రమం - బోధనా నాణ్యత: బోధన్ చెరకు ప్రాంత వృత్తిపదాల నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
వ్యవసాయ ఇంజనీరింగ్ పట్టా కోర్సు నాణ్యతను క్రెడిట్లు, ప్రయోగశాలలు, బోధకుల సంఖ్య వంటి కొలతలతో నిర్ణయించడం పరిపాటి. ఆ కొలతలు అవసరమే గాని చాలవు. పట్టా పొందిన విద్యార్థి రైతు నోట విన్న మాటను ఇంజనీరింగ్ సమస్యగా గుర్తించగలడా అన్నది వాటిలో కనిపించదు. నిజామాబాద్ జిల్లా బోధన్ ప్రాంతంలో వాడుకలో ఉన్న వ్యవసాయ వృత్తిపదాల ఆధారంగా ఈ లోపాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వ్యవసాయ ఇంజనీరింగ్, పాఠ్యక్రమం, వృత్తిపదాలు, బోధన్, నిజాంసాగర్, చెరకు, సాంకేతిక తెలుగు.

1. కొలతలు ఏం చెబుతాయి?

భారతదేశంలో వ్యవసాయ ఇంజనీరింగ్ పట్టా చదువు 1942లో అలహాబాదు వ్యవసాయ విద్యాసంస్థలో మొదలైంది. దానికి కారకుడైన అమెరికన్ ఇంజనీరు మేసన్ వా తరగతి గదికే పరిమితం కాకుండా, ఇక్కడి ఎడ్లు లాగగలిగే బరువుకు, ఇక్కడి కమ్మరి బాగుచేయగలిగే తీరుకు తగిన నాగళ్లను రూపొందించాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ చదువుకు 1983లో బాపట్ల కళాశాలతో పునాది పడింది. నేటి తెలంగాణలో ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం సంగారెడ్డి జిల్లా కందిలోని కళాశాలలో ఈ కోర్సును నడుపుతోంది. బోధన్‌కు చేరువలోని రుద్రూరులో అదే విశ్వవిద్యాలయానికి ఆహార సాంకేతిక కళాశాల, చెరకు-వరి పరిశోధన స్థానం ఉన్నాయి.

దేశమంతటికీ ఉమ్మడి పాఠ్యక్రమాన్ని భారత వ్యవసాయ పరిశోధన మండలి నియమించిన డీన్ల సంఘాలు నిర్దేశిస్తాయి. వ్యవసాయ యంత్రాలు-శక్తి, నేల-నీటి సంరక్షణ, నీటిపారుదల-మురుగు నీటిపారుదల, పంటకోత అనంతర ప్రక్రియలు, పునరుత్పాదక శక్తి అనే విభాగాల చుట్టూ ఆ కోర్సులు అల్లుకొని ఉంటాయి. క్షేత్రానుభవం కోసం 2015లో ప్రారంభమైన 'స్టూడెంట్ రెడీ' కార్యక్రమమూ ఇందులో భాగమే. 2024-25 విద్యాసంవత్సరం నుంచి ఆరవ డీన్ల సంఘం సిఫారసులు అమలులోకి వచ్చాయి. కాగితం మీద చూస్తే ఈ పాఠ్యక్రమంలో పెద్ద లోటు కనిపించదు. విషయ విస్తృతి ఉంది, వరుసక్రమం ఉంది.

లోటు మార్కుల పంపకంలో ఉంది. ఐదవ డీన్ల సంఘం సూచించిన మూల్యాంకనం ప్రకారం సిద్ధాంతం, ప్రయోగం రెండూ ఉన్న కోర్సులో బాహ్య సిద్ధాంత పరీక్షకు 50 శాతం, అర్ధసత్ర పరీక్షకు 30 శాతం, అభ్యాసపత్రాలకు 5 శాతం, ప్రయోగానికి 15 శాతం మార్కులు. అంటే నాగలిని నేలలో దింపి చూడవలసిన చదువులో 80 శాతం కాగితం మీద రాసే సిద్ధాంత పరీక్షలదే. విద్యార్థి ఎక్కడ శ్రమ పెడతాడో ఈ అంకెలే నిర్ణయిస్తాయి. బోధకుడు ఎంత సమర్థుడైనా ఈ పంపకాన్ని మించి విద్యార్థిని పొలానికి నడిపించడం కష్టం. బోధనా నాణ్యతపై విద్యార్థుల అభిప్రాయ సేకరణ పత్రాలు అధ్యాపకుడి సమయపాలనను, పాఠ్యభాగం పూర్తయిందా లేదా అన్నదాన్ని అడుగుతాయి. ఆ చదువు చివరికి చేరవలసిన రైతును అడిగేవారు లేరు.

2. బోధన్ నేల, దాని మాటలు

మంజీర నదిపై నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో నిర్మించిన నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. ఆ నీటి అండతోనే 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. శక్కర్‌నగర్ అనే పేటకు పేరే దాని నుంచి వచ్చింది. కొత్త ఆయకట్టు సాగుకు కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు తరలివచ్చి స్థిరపడ్డాయి. నేటికీ ఆ ఊళ్ల పేర్ల చివర 'క్యాంపు' అనే మాట వినిపిస్తుంది. ఇటు స్థానిక తెలంగాణ తెలుగు, అటు కోస్తా తెలుగు, పాలనా వ్యవహారాల ద్వారా దిగిన ఉర్దూ, సరిహద్దు అవతలి మరాఠీ - ఇన్ని భాషారూపాలు ఒకే కాలువ కింద కలిసిన ప్రాంతం తెలంగాణలో అరుదు. భాషాశాస్త్ర విద్యార్థికి ఇది గని. వ్యవసాయ ఇంజనీరుకు మాత్రం ఇది ప్రమాదం పొంచి ఉన్న చోటు కూడా.

'బోదె' అనే ఒక్క మాట చాలు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పంట బోదె అంటే పొలానికి నీరు తెచ్చే చిన్న కాలువ. తెలంగాణ మెట్ట సేద్యంలోనూ, వ్యవసాయ శాఖ సలహాల్లోనూ బోదె అంటే ఎత్తుగా ఎగదోసిన మట్టి వరుస. 'బోదెలు, కాలువలు' అని జంటగా చెప్పేది ఈ అర్థంలోనే. ఒకటి పల్లం, మరొకటి మిట్ట. పసుపు దుంపను బోదె మీద నాటుతారు, చెరకు ముచ్చెను కాలువ అడుగున పెడతారు. బోదెలు తీసే పరికరం ఒకటే అయినా పంట కూర్చునే చోటు తలకిందులవుతుంది. ఇక 'బోదె తెగింది' అన్న ఫిర్యాదు వచ్చిందనుకుందాం. అన్నవారు క్యాంపు రైతయితే అది నీటి సరఫరా సమస్య, పక్క ఊరి పసుపు రైతయితే మట్టి కోత సమస్య కావచ్చు. పాఠ్యపుస్తకంలో ఈ రెండూ వేర్వేరు కోర్సుల్లో, వేర్వేరు సత్రాల్లో, ఆంగ్ల నామాలతో ఉంటాయి. విద్యార్థికి రెండింటి సూత్రాలూ వచ్చి ఉండవచ్చు. ఏ సూత్రాన్ని బయటికి తీయాలో చెప్పే మాట మాత్రం అతని చదువులో లేదు.

చెరకు విషయంలోనూ అంతే. మొక్క తోట, కార్సి తోట అన్న విభజనలోనే యాంత్రీకరణ సమస్య సగం ఇమిడి ఉంది. కార్సిలో మోళ్లను నేలమట్టానికి చెక్కకపోతే పిలకలు పైనుంచి పుట్టి బలహీనపడతాయి. 'స్టబుల్ షేవర్' అని తరగతిలో నేర్చిన యంత్రం చేసే పని ఇదే. జడచుట్టు వేసిన తోటలోకి కోత యంత్రం ఎలా దిగాలన్నది మరో ప్రశ్న. పడిపోకుండా గడలను కలిపి కట్టే ఈ పద్ధతి తెలియకుండా వరుసల మధ్య దూరాన్ని లెక్కించడం నిష్ఫలం. నరికిన గడలో చక్కెర శాతం గంటగంటకూ తగ్గుతుంది గనుక రవాణా కూడా ఇంజనీరింగ్ సమస్యే. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన బోధన్ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడిన తరవాత అది మరింత తీవ్రమైంది. తోట నుంచి మర దాకా మొత్తం ప్రక్రియను ఒక్కరోజులో కళ్లారా చూపగల పాఠశాల కూడా ఆ కర్మాగారంతో పాటే పోయింది. ఈ నష్టం గురించి విద్యారంగంలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

3. జడ్డిగం, తైబందీ

గొర్రుతో విత్తేటప్పుడు గింజలు పోసే రంధ్రాల చెక్క గిన్నె జడ్డిగం. విత్తే మనిషి వేళ్ల సందున గింజలు జారవిడిచే వేగం, ఎడ్ల నడక, సాలు దూరం కలిస్తేనే ఎకరానికి ఎంత విత్తనం పడాలో అంత పడుతుంది. విత్తన మోతాదును నియంత్రించే యంత్రాంగం గురించి చెప్పే పాఠానికి ఇంతకంటే మంచి ప్రవేశిక దొరకదు. గాడుల చక్రం చేసేది ఆ వేళ్ల పనే అని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. వ్యవసాయ విశ్వవిద్యాలయ కోర్సుల్లో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. జడ్డిగం, దంతె, గుంటుక వంటి మాటలు ఇంట్లో విని వచ్చిన విద్యార్థులు ఆ తరగతిలో తప్పక ఉంటారు. నాలుగేళ్ల చదువు ఆ మాటలను పనికిరానివిగా చేసి పంపితే, కోటా ఉద్దేశంలో సగం దెబ్బతిన్నట్టే.

'తైబందీ' మరింత లోతైన ఉదాహరణ. అందుబాటులో ఉన్న నీటిని బట్టి ఈ పంటకాలంలో ఏ తూము కింద ఎన్ని ఎకరాలు తడపాలో ముందే ఖాయం చేసుకొనే ఏర్పాటు అది. నిజాంసాగర్ నిల్వ సామర్థ్యం పూడిక వల్ల 29.7 టి.ఎం.సి.ల నుంచి 17.8 టి.ఎం.సి.లకు తగ్గింది. ఆయకట్టు చివరి రైతుకు ఈ అంకెల తేడా తైబందీలో తన పేరు ఉందా లేదా అన్న రూపంలోనే తెలుస్తుంది. నీటి తడుల లెక్కను పంట నీటి అవసరం, నేల తేమ అనే రెండు రాశుల మధ్య వ్యవహారంగా నేర్చిన విద్యార్థికి, ఆ లెక్కలో మనుషుల మధ్య ఒప్పందం కూడా ఒక రాశి అని ఈ మాట నేర్పుతుంది.

4. మాధ్యమం మారితే చాలునా?

2021-22 నుంచి తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి అనుమతి ఇచ్చింది. మాతృభాషాభిమానులు దీన్ని పూర్తి పరిష్కారంగా చూడడం సహజం. ఇక్కడ జాగ్రత్త అవసరం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య నేర్పింది, అనువాద శాఖ ద్వారా వేల పారిభాషిక పదాలు సృష్టించింది. భారతీయ భాషలో ఆధునిక శాస్త్రాలు నేర్పగలమని అది నిరూపించింది, ఆ ఘనతను తక్కువ చేయలేం. అయితే మంజీర ఒడ్డున దుక్కి దున్నే రైతుకు ఆ ఉర్దూ కూడా ఆంగ్లమంత దూరమే. రేపటి తెలుగు పాఠ్యపుస్తకం 'సూక్ష్మ నీటిపారుదల' అని రాసి, రైతు 'డ్రిప్పు' అంటే, దూరం లిపిలో తగ్గి అర్థంలో మిగులుతుంది. రైతు వాడే మాట ఆంగ్ల పదమైనా సరే, అదే పాఠంలో ఉండాలి.

ఈ విషయంలో తెలుగు శాఖల బాధ్యత తక్కువది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినదే. జిల్లాలవారీగా సేకరించిన ఆ పదసంపద ఆధారంగానే తెలుగు మాండలిక మండలాల విభజన ఏర్పడింది. పదాన్ని పరికరంతో, పనితో కలిపి నమోదు చేసిన ఆ పద్ధతి ఇంజనీరింగ్ బోధనకు నేరుగా అక్కరకొచ్చేది. తరవాతి కాలంలో వృత్తిపదాలపై వచ్చిన పరిశోధనలు చాలావరకు అకారాది జాబితాల దగ్గరే ఆగాయి. ట్రాక్టరు, కోత మిషను వచ్చాక పుట్టిన పదాలను పరిశోధనార్హమైనవిగా చూసినవారు తక్కువ. జానపదమైతేనే పదం, యంత్రానిదైతే కాదు అన్న భావన మన శాఖల్లో ఇంకా ఉంది. వ్యవసాయ కళాశాలలు తెలుగును పట్టించుకోలేదని ఆక్షేపించే ముందు ఈ మాట ఒప్పుకోవాలి.

చేయదగిన పనికి కొత్త కోర్సు అక్కరలేదు. 'స్టూడెంట్ రెడీ' క్షేత్ర నివేదికలో ఒక భాగాన్ని తెలుగులో రాయించి, రైతు చెప్పిన సమస్యను అతని మాటల్లోనే నమోదు చేయించి, దాని పక్కన ఇంజనీరింగ్ వివరణ ఇప్పించవచ్చు. ఆ భాగాన్ని దిద్దేటప్పుడు ఒక తెలుగు అధ్యాపకుడు, ఆ గ్రామానికి చెందిన ఒక రైతు కూర్చోవాలి. ప్రయోగానికి ఉన్న 15 శాతాన్ని పెంచే అధికారం ఒక కళాశాలకు లేకపోవచ్చు గాని, ఆ 15 మార్కులు దేనికి వేయాలో నిర్ణయించే వెసులుబాటు బోధకుడికి ఉంది. ఆరవ డీన్ల సంఘం మొదటి ఏడాది తరవాత సర్టిఫికెట్‌తో, రెండో ఏడాది తరవాత డిప్లొమాతో నిష్క్రమించే వీలు కల్పించింది. అలా బయటికి వచ్చే యువకుడు చేరేది ట్రాక్టరు విక్రయశాలలోనో, డ్రిప్పు పరికరాల సంస్థలోనో కావచ్చు. బోధన్ క్యాంపు రైతు ఎదురుగా నిలబడి అతను వినే మొదటి ఫిర్యాదులో బోదె ఉంటుంది, ఏ బోదె అన్నది అక్కడే తేలాలి.