డప్పునకు మందిర ద్వారము తెరువుడు

పాలమూరులోని ఆత్మకూరు సీమలో డప్పు వినని చెవి లేదు. కాని విన్న చెవులలో దానిని సంగీతమని మన్నించినవి ఎన్ని? దీపావళి వెళ్లిన పిదప కురుమూర్తి జాతరకు ఆత్మకూరునుండి స్వామి ఆభరణములు తరలును. వడ్డెమానునుండి మాదిగ సోదరులు నిష్ఠతో కుట్టిన ఉద్దాలు, అనగా స్వామి పాదరక్షలు, ఊరేగును. ఆ జనసముద్రమును ముందుకు నడిపించునది డప్పు దరువు. ఆ దరువునకు వారసులైన వాడలలోనే ఎన్నో కుటుంబములు ఆదివారమునాడు బైబిలు చేతబట్టి మందిరమునకు పోవుచున్నవి. డప్పు మాత్రము గడప వెలుపలనే నిలిచిపోయినది. ఇట్లేల జరిగెనని విచారించునప్పుడు, అమెరికా నల్లజాతివారి జాజ్ సంగీతము మనకు గొప్ప పాఠము చెప్పుచున్నది.

ముందుగా వాద్యమును గూర్చి చెప్పవలెను. గుండ్రని కొయ్యచట్రము, దానిపై బిగించిన తోలు, రెండు పుల్లలు, ఇంతియే సామగ్రి. మేకతోలును సున్నపునీట నానవేసి, వెండ్రుకలు తీసి, చింతగింజల జిగురుతో చట్రమున కతికింతురని పెద్దలు చెప్పుదురు. వాయించువాని నైపుణ్యమన్ననో, ఎంత వర్ణించినను తనివి తీరదు! ఎడమభుజమున వ్రేలాడు డప్పు అంచును ఎడమచేత ఒడిసిపట్టి, ఆ చేతివ్రేళ్లనడుమనే సిటికెనపుల్లను ఆడించుచు, కుడిచేతి సిర్రతో తోలును మోదునప్పుడు, సన్నపుల్ల కళ్లములో రాలు జొన్నగింజలవలె చిటపటలాడి కాలమును విభజింపగా, సిర్ర గంభీరనాదముతో ఆ కాలమునకు పునాది వేయును. వానకు మెత్తబడిన తోలును గడ్డిమంట సెగకు చూపి, చెవి యొగ్గి, నాదము ఖంగున పలుకుదాక కాచుట వేరొక విద్య. ఒక్క క్షణము తక్కువైన బొంగురు, ఒక్క క్షణము ఎక్కువైన చీలిక. పెండ్లికొక దెబ్బ, చావుకొక దెబ్బ, చాటింపునకొక దెబ్బ, సామిడిక దెబ్బ, మాతంగి దెబ్బ. మాట లేకయే ఊరికి వార్త తెలియజేయు భాష యిది. అర్ధచంద్రాకారముగా నిలిచిన బృందమున, అడుగు మీద అడుగు మార్చుచు, దరువు తప్పకుండ వెనుకకు విల్లువలె వంగి నేలమీది నోటును నోట నందుకొను వాదకుని చూచినవాడు జన్మలో మరువడు.

అంతకంటె సూక్ష్మమైన ప్రజ్ఞ మరియొకటి కలదు. నేర్పరి సిర్రదెబ్బను రావలసిన చోటికి రెప్పపాటు ముందుగనో వెనుకగనో జరిపి, వినువాని పాదమును తడబరచి, మరుక్షణమే సరిదిద్దును. మన విద్వాంసులు అతీతానాగత గ్రహములని గౌరవించునదియు, జాజ్ వాదకులు స్వింగ్ అని మురియునదియు ఈ చమత్కారమునకు దగ్గరి చుట్టములే. ఒక విద్యకు సన్మానసభలు, వేరొక విద్యకు ప్రపంచఖ్యాతి, ఈ విద్యకు మాత్రము ఊరిచివరి బహుమానమా?

జాజ్ పుట్టుకలోనికి పోయినచో అక్కడను తోలువాద్యమే కనబడును. 1739లో దక్షిణ కరోలినాలోని స్టోనో నదీతీరమున బానిసలు తిరుగుబాటు చేయగా, దొరలు బెదరి మరుసటియేడు శాసనము చేసి, బానిసలకు డోలును కొమ్మును నిషేధించిరి. డోలు పోయినను దరువు పోలేదు. అరచేతులు చరచి, పాదములు తాటించి, వలయముగా తిరుగుచు వారు ప్రభువును స్తుతించిరి. ఒకరెత్తుకొనిన చరణమును తక్కిన వారందుకొనిరి. ఆ ప్రార్థనాగీతములు, ఆ పొలముల పాటలు, న్యూ ఆర్లియన్స్ వీథుల మేళములు కలిసి కాలక్రమమున జాజ్ అయినవి.

ఆ సంగీతమును పెంచిన మహనీయుల ఘనత ఏమని చెప్పుదును! 1963 సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రపు బర్మింగ్‌హామ్‌లోని చర్చిలో జాత్యహంకారులు బాంబు పెట్టి నలుగురు బాలికలను చంపగా, రెండు నెలలు గడచిన కొలది దినములకే జాన్ కోల్ట్రేన్ తన సాక్సోఫోనుతో 'అలబామా' అను విలాపమును పలికించెను. అందులో మాట యొక్కటియు లేదు, అయినను అంతకు మించిన అభియోగపత్రము లేదు. మేరీ లూ విలియమ్స్ కాథలిక్ మతము స్వీకరించి, పెరూ దేశపు నల్ల పునీతుడు మార్టిన్ డి పోరెస్‌ను జాజ్ స్తోత్రముతో కీర్తించెను. 1965లో డ్యూక్ ఎల్లింగ్టన్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథీడ్రల్‌లో తన మేళమును నిలిపి, నాట్యశాలల సంగీతమును దేవుని సన్నిధికి నడిపించెను. 1964లో బెర్లిన్ జాజ్ ఉత్సవమునకు పంపిన సందేశమున మార్టిన్ లూథర్ కింగ్, తమ స్వాతంత్ర్యపోరాటమునకు ఈ సంగీతమువలన ఎంతయో బలము చేకూరినదని వ్రాసెను.

ఇక మన సీమను చూడుడు. రష్యానుండి వచ్చిన మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890లో నల్లగొండలో స్థిరపడెను. తరువాత అమెరికన్ మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీలు నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతములలో సేవచేసిరి. వీరికి ముందే ఒంగోలు ప్రాంతమున ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొంది తన మాదిగ జనమునకు సువార్త నందించెను. విశ్వసించినవారు గ్రామదేవతల కొలువులలో డప్పు వాయింపమని నిలిచిరి. పెత్తందారుల ఆగ్రహమునకు గురియైరి. వారిది ధిక్కారము కాదు, ఆత్మగౌరవము. అమెరికాలో యజమాని వాయింపకూడదని శాసించెను; ఇచ్చట యజమాని వాయింపక తప్పదని శాసించెను. బలవంతపు నిషేధము ఒకచోట, బలవంతపు వెట్టి వేరొకచోట. రెండింటను చెరబడినది దరువే. అక్కడివారు చెర విడిపించి దానిని దేవుని ఎదుట నిలిపిరి. ఇక్కడ మనము వెట్టిని విడిచి, వెట్టితోపాటు వాద్యమునుగూడ విడిచితిమి. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారి కీర్తనలకు రాగమును తాళమును గౌరవముతో స్వీకరించిన సంఘము, హార్మోనియమునకు, తబలాకు పీట వేసిన సంఘము, తన తాతల వాద్యమునకు మాత్రము చోటు చూపలేకపోయినది.

న్యాయపోరాటమే డప్పును కాపాడినది. ఆ పోరాటమునకు మూలమైన అస్పృశ్యత రెండు దేశములకును తెలిసినదే. 1959లో కింగ్ కేరళ వచ్చినప్పుడు, ఒక ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికా అస్పృశ్యుడని పరిచయము చేయగా, మొదట నొచ్చుకొనినను పిదప అది సత్యమేనని ఆయన అంగీకరించెను. అంతకు ముందే, 1941లో, మన కవి జాషువ తన 'గబ్బిలము' కావ్యముతో ఆ అస్పృశ్యతా వేదనను కాశీవిశ్వేశ్వరునికి నివేదించి యుండెను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుని షెడ్యూల్డు కులపు హోదాకు దూరము చేసినది. పిమ్మట సిక్కులకు, బౌద్ధులకు సడలింపు లభించినను క్రైస్తవునికి లభింపలేదు. 1994లో లేచిన మాదిగ దండోరా ఉద్యమము డప్పునే జెండాగా నెత్తినది. గద్దరు సభలలో డప్పు సింహనాదము చేసినది. మన పాలమూరు బిడ్డ దర్శనం మొగులయ్య, పండుగ సాయన్న వీరగాథను పాడు తన పన్నెండు మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ నందెను. వేదికలు తలవంచినవి, మన మందిరము ఇంకను తలయెత్తి చూడదాయెను!

ఈలోగా జరుగుచున్న అన్యాయము చూడుడు. సెగ యెరుగని ప్లాస్టిక్ పొర, ఫైబరు చట్రము డప్పు పేరుతో అంగడిలో అమ్ముడుపోవుచున్నది. ఎలక్ట్రానిక్ ప్యాడుపై ఒక మీట నొక్కిన వినబడు నిర్జీవమైన చప్పుడును డప్పు బీటని మురియుచున్నారు. ఆ చప్పుడు ఎప్పుడును ముందునకు జరుగదు, వెనుకకు జరుగదు, ఎదుటివాని కన్నీటికి ఆగదు. అట్టి దానికి దరువని పేరా? ఊరేగింపులలో డీజే పెట్టెలు గుండెలదర మ్రోగుచుండగా, నలుబదియేండ్లు చేతులు కాయలు కాచిన వాదకుడు అరుగుమీద కూర్చుండి చూచుచున్నాడు. క్రిస్మసునకు వేలరూపాయలు అద్దెపెట్టెలకు పోయు సంఘములు ఒక్క డప్పు బృందమును పిలుచుటకు వెనుకాడుట ఎంతటి దౌర్భాగ్యము!

డప్పు అపవిత్రమనువారిని ఒకటి అడుగుదును. బైబిలులో ఇశ్రాయేలీయులు ఎర్రసముద్రము దాటి బానిసత్వము నుండి విముక్తులైన నాడు మిర్యాము చేతబట్టినది ఏమి? చట్రమునకు తోలు బిగించిన వాద్యమే గదా! విడుదల పొందిన ప్రజ దేవుని స్తుతించుటకు మొదట ఎత్తుకొనిన వాద్యము డప్పునకు తోబుట్టువై యుండగా, దానిని గడప దాటనీయకుండుటకు మనమెవరము?

కావున పాస్టరుగారలారా, సంఘపెద్దలారా, వచ్చు ఈస్టరునాడు పునరుత్థానకీర్తనకు డప్పు బృందమును పిలువుడు; దానముగా గాక, విద్వాంసునకు తగిన పారితోషికము నిచ్చి పిలువుడు. ఆదివారపు బడిలో బాలబాలికలిరువురకును సిర్రను, సిటికెనపుల్లను పట్టుట నేర్పింపుడు. కాచిన తోలునే కొనుడు, ప్లాస్టిక్ పొరను తిరస్కరింపుడు. తాతలు వెట్టిగా మోసిన దానిని మనుమలు స్వేచ్ఛగా మోయవలెను.