నీళ్ళ బరువు

లీటరు నీళ్ళు కిలో తూగుతాయి. బడిలో నేర్చుకున్న ఈ లెక్క అరవై మూడేళ్ళ వయసులో నాకు మళ్ళీ అవసరమైంది. మా కారవాన్ అడుగున రెండు నీళ్ళ ట్యాంకులున్నాయి. ఒక్కోదానిలో 90 లీటర్లు పడతాయి. రెండూ నింపితే 180 కిలోలు. కిందటి నవంబరులో బ్రిస్బేన్ నుంచి వింటన్‌కి బయలుదేరే ముందు, ఆ 180 కిలోల కోసం ఇంట్లో రెండు రోజులు తర్జనభర్జన పడ్డాం.

వింటన్ క్వీన్స్‌లాండ్ లోపలి మైదానాల్లో, బ్రిస్బేన్‌కి సుమారు 1,350 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు. ఉద్యోగాలు విరమించి, కారు వెనక కారవాన్ కట్టుకుని దేశం తిరిగే మాలాంటి జంటల్ని ఆస్ట్రేలియాలో ‘గ్రే నొమాడ్స్’ అంటారు. జుట్టు నెరిసిన సంచారులన్నమాట. వాళ్ళలో ఎక్కువమంది ఇలాంటి ఊళ్ళకి చలికాలంలో వస్తారు. మాకు మనవరాలి పనులు తెమిలేసరికి నవంబరు అయింది, అంటే ఇక్కడ ఎండలు ముదిరే కాలం. ‘మాది పల్నాడు, రెంటచింతల ఎండ ఎరిగినవాళ్ళం’ అని ధైర్యం చెప్పుకున్నాం. అయితే ఎండని ఎరగడం వేరు, ఎండలో ఇంటిని వెంట లాక్కుపోవడం వేరు.

కారవాన్ లాగే విద్యలో మొదటి పాఠం తూకం. మొత్తం బరువులో దాదాపు పదో వంతు కారు వెనకున్న కొక్కెం మీద ఆనాలన్నది ఇక్కడివాళ్ళు పాటించే లెక్క. ఈ మాట విన్న రోజే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మిరప బస్తాల్ని, మా వైపు మాటలో టిక్కీల్ని, బండికెత్తేటప్పుడు పక్కనే నిలబడి, ఒక్కో టిక్కీ ఇరుసుకి ఎంత ముందు, ఎంత వెనక అని చెప్పేవాడు. ముందు బరువెక్కితే ఎద్దుల మెడలు పుండ్లు పడతాయి, వెనక బరువెక్కితే కాడి పైకి లేస్తుంది. ఎద్దుల స్థానంలో కారు వచ్చింది కానీ ఇరుసు న్యాయం మారలేదు.

ఆ న్యాయం తప్పితే ఏమవుతుందో రెండేళ్ళ కిందట చూశాం. మజిలీలో ముందు ట్యాంకు నీళ్ళన్నీ వాడేసి, వెనక ట్యాంకు నిండుగా ఉండగానే బయలుదేరాం. దారిలో ఒక రోడ్ ట్రెయిన్ మమ్మల్ని దాటింది. మూడు నాలుగు ట్రెయిలర్లతో 53 మీటర్ల దాకా పొడవుండే లారీ అది. దాని గాలికి మా కారవాన్ తోక ఊగడం మొదలుపెట్టింది. ఒక ఊపు తర్వాతి ఊపుని పెంచింది. మా ఆయన కారు బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీసి, కారవాన్ బ్రేకుల్ని మాత్రమే పట్టించే మీటని చేత్తో నొక్కారు. బండి నిలదొక్కుకుంది. పక్కకి ఆపాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత ఆయన, ‘తప్పు గాలిది కాదోయ్, మన నీళ్ళది’ అన్నారు. ఆనాటి నుంచి ట్యాంకుల లెక్క నా చేతిలో ఉంది. ఎక్కడి నుంచి ఎన్ని లీటర్లు వాడామో చిన్న పుస్తకంలో రాస్తాను.

ఎండదేశానికి పోయేటప్పుడు రెండు ట్యాంకులూ నిండుగా ఉండాల్సిందే. కారవాన్ మోసే బరువుకి ఒక హద్దుంది. మరి ఆ 180 కిలోలకి చోటివ్వడానికి ఏం దిగాలి? ముందుగా నా గ్రైండరు దిగింది. పాతిక కిలోల బియ్యం బస్తా అయిదు కిలోల సంచి అయింది. ఆయన పనిముట్ల పెట్టెలో సగం గ్యారేజీలో ఉండిపోయింది. నేను తిరిగి తెరవని పుస్తకాలు దిగాయి. ముప్ఫై ఏళ్ళ కాపురంలో కూడబెట్టినవాటిని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని, ‘ఇది ఎన్ని లీటర్ల నీళ్ళు?’ అని అడిగాం. ఆ ప్రశ్నకి నిలిచిన వస్తువులు చాలా తక్కువ.

దారిలో దినచర్య ఎండే నిర్ణయించింది. టైర్లలో గాలి తెల్లవారుజామున, అవి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వేడెక్కాక పెరిగే ఒత్తిడి చూసి గాలి తీసేయకూడదు. పొద్దు పొడిచే వేళా, కుంకే వేళా కంగారూలు రోడ్డెక్కుతాయి కనుక కాస్త ఎండ వచ్చాకే కదలాలి, పదకొండు కొట్టేలోపు నీడ చూసుకోవాలి. ఫ్రిజ్ ఉన్న వైపు గోడకి పడమటి ఎండ కొట్టకుండా బండి నిలపాలి. ఇక నీళ్ళు. కారవాన్‌లో షవర్ ఉంది, కానీ నేను బకెట్టూ చెంబూ వాడతాను. నాలుగు లీటర్లలో ఒళ్ళు శుభ్రమవుతుంది. బియ్యం కడిగిన నీళ్ళతో పళ్ళేల తొలి కడుగు అయిపోతుంది. నాలుగు వీధుల అవతల నుంచి బిందెతో నీళ్ళు మోసిన అమ్మ చేతి పొదుపు, ఇన్నేళ్ళు కుళాయి తిప్పి బతికిన నా చేతికి ఈ బండిలో తిరిగి వచ్చింది.

వింటన్ చేరిన రోజు మా థర్మామీటరు 43 చూపింది. కారవాన్ పార్కులో గొట్టం తగిలించి చన్నీళ్ళ కుళాయి తిప్పాను. పొగలొచ్చేంత వేడి నీళ్ళు, వాటితో పాటు గంధకం వాసన. పక్క కారవాన్ పెద్దావిడ నా మొహం చూసి కిటుకు చెప్పింది: వేసవిలో గీజరు ఆపేసి, దాంట్లో నిలిచి చల్లారిన నీళ్ళనే చన్నీళ్ళుగా వాడుకోవాలట. తాగే నీళ్ళు జగ్గులో పోసి రాత్రంతా మూత తీసి ఉంచితే వాసన పోతుందట. అలాగే చేశాను. తెల్లారి ఆ నీళ్ళతో కాఫీ కలిపాను. వాసన లేదు.

ఆ నీళ్ళు ఊరికి కిలోమీటరుకు పైగా లోతు నుంచి వస్తాయి. పైకి వచ్చేటప్పుడు వాటి వేడి 80 డిగ్రీలు దాటి ఉంటుంది, చల్లార్చి ఊరికి పంపాలి. అడుగున ఉన్నది గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అనే భూగర్భ జలాశయం. సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్లు, ఈ ఖండంలో అయిదో వంతుకు మించి. తూర్పు కొండల మీద పడిన వాన ఇసుకరాతి పొరల్లోకి ఇంకి, ఏడాదికి కొద్ది మీటర్ల చొప్పున పడమటికి పాకుతుంది. అంటే నా కాఫీలోని నీళ్ళు మనిషి పుట్టుకకన్నా ముందు కురిసినవి కావచ్చు. 1878లో న్యూ సౌత్ వేల్స్‌లోని బర్క్ దగ్గర మొదటి బోరు పడినప్పుడు నీళ్ళు వాటంతటవే పైకి ఎగజిమ్మాయి. ఆ తర్వాత వేల బోర్లు వేశారు. చాలావాటిని మూతలు లేకుండా దశాబ్దాల పాటు మట్టి కాలువల్లోకి వదిలేశారు. ఆ నీళ్ళలో అధిక భాగం ఎండకి ఆవిరై, మట్టిలోకి ఇంకి వృథా అయింది. భూగర్భంలో ఒత్తిడి పడిపోయింది, ఎన్నో ఊటలు ఎండిపోయాయి. అవి తరతరాలుగా ఆ నేల ఆదివాసులు కాపాడుకున్న ఊటలు. ఇప్పుడు ప్రభుత్వాలూ రైతులూ కలిసి బోర్లకి మూతలు బిగిస్తూ, కాలువల బదులు పైపులు వేస్తున్నారు. బోరు మీద బోరు వేసి ఎండగట్టుకున్న మా పల్నాటి చేలు ఎరిగిన నాకు ఆ కథ పరాయిది కాదు.

ఆస్ట్రేలియన్లందరికీ తెలిసిన ‘వాల్ట్సింగ్ మటిల్డా’ పాట కూడా ఈ ఊరి పరిసరాల్లోనే, డాగ్‌వర్త్ అనే పశువుల క్షేత్రంలో, 1895లో పుట్టింది. బాంజో పేటర్సన్ రాశాడు. మటిల్డా అంటే దేశదిమ్మరి కూలీ వీపున మోసే పక్కచుట్ట. ఆ పాటలోని మనిషి ఆగేది కూడా ఒక నీటి మడుగు దగ్గరే. ఈ నేల మీద ఎవరి ప్రయాణమైనా నీళ్ళున్న చోటే ఆగింది.

అందుకే నాకో మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. అన్నీ నగరంలో కొని బండి నింపుకుని, చిన్న ఊళ్ళలో నీళ్ళు మాత్రం పట్టుకుని పోయేవాళ్ళున్నారు. వింటన్‌లో సుమారు వెయ్యిమంది ఉంటారు. వానలు లేని ఏళ్ళలో అంగడి తెరిచి ఉంచేది మాలాంటి బాటసారుల డబ్బే. చలివేంద్రంలో దాహం తీర్చుకున్నవాడు ఆ ఊరికి ఏదో ఒకటి చెయ్యాలి కదా. మేము దింపివచ్చిన ఇరవై కిలోల బియ్యానికి బదులు అయిదు కిలోలు వింటన్ కొట్లో కొన్నాం. కూరలు అక్కడే, డీజిల్ అక్కడే. రాత్రి రాయల్ థియేటర్లో ఆకాశం కింద, గుడ్డ కుర్చీల్లో కూర్చుని సినిమా చూశాం.

నాలుగో రోజు వేకువన ముందు ట్యాంకు, ఆ తర్వాత వెనక ట్యాంకు నింపాను. పుస్తకంలో 180 అని రాశాను. ఆయన కొక్కెం బిగించి, ‘పోదామా?’ అన్నారు. ‘ఉండండి’ అని వెనక్కి వెళ్ళి, గొట్టం విప్పి, కుళాయి బిగించి, కింద అరచెయ్యి పెట్టి నిలబడ్డాను. చెయ్యి పొడిగా ఉందని తేలాకే బండెక్కాను.