పద్దు ఎవరి చేతిలో ఉండాలి?

పేదల చిన్న వ్యాపారాలకు అప్పు ఎలా అందాలన్న విషయం మీద బాగా పేరుపడ్డ పుస్తకాలు రెండున్నాయి. ఒకటి మహమ్మద్ యూనస్ ‘బ్యాంకర్ టు ది పూర్’, రెండోది విక్రమ్ ఆకుల ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ రైస్’. నందిగామ, జగ్గయ్యపేటల వాళ్లు ఈ రెండూ తప్పకుండా చదవాలి, ఎందుకంటే ఆ కథలో ఒక ముఖ్యమైన మలుపు అప్పటి మన కృష్ణా జిల్లాలోనే జరిగింది. 2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు సూక్ష్మ రుణ సంస్థల శాఖలు 50 దాకా మూయించారు. వడ్డీ ఎక్కువని, వసూళ్లలో జులుం చేస్తున్నారని, ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయని అప్పటి ఫిర్యాదులు. నాలుగేళ్లకే, 2010 అక్టోబరులో, ఈ సంస్థలను కట్టడి చేసే ఆర్డినెన్సు రాష్ట్రమంతటికీ వచ్చింది.

ఈ పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూడటానికి ఇంకో కారణం ఉంది. రెండూ విశ్వవిద్యాలయం నుంచి ఊళ్లోకి నడిచిన మనుషుల కథలే. ఇవాళ మన మెట్ట ప్రాంతంలో డిగ్రీ పిల్లలు ప్రాజెక్టు పేరుతో బజారులోకి వస్తున్నారు. చదువుకుంటున్నవాళ్లు చిన్న వ్యాపారికి నిజంగా ఏం చేయగలరు? ఈ ప్రశ్నకు ఆ రెండు పుస్తకాల్లో దొరికే జవాబులు వేరువేరు. రెండింటిలోనూ కొంత లోటు ఉంది.

మొదలు ఎక్కడో చూద్దాం. అమెరికాలో చదువు ముగించుకుని 1972లో స్వదేశమైన బంగ్లాదేశ్‌కు వచ్చిన యూనస్ చిట్టగాంగ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పేవారు. 1974 కరువు చూశాక తరగతి గదిలోని సిద్ధాంతాల మీద ఆయనకు నమ్మకం సడలింది. 1976లో విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న జోబ్రా గ్రామంలో, వెదురుతో పీటలు అల్లే సూఫియా బేగం దగ్గర ఆగారు. ఆమెకు కావలసిన వెదురు ఖరీదు 5 టాకాలు. అది చేతిలో లేక దళారి దగ్గర తీసుకునేది. అల్లిన పీట అతనికే అప్పగించాలన్నది షరతు. రోజంతా అల్లితే మిగిలేది అర టాకా. యూనస్ వెంటనే డబ్బు తీసి ఇవ్వలేదు. ఇలాంటివాళ్లు ఊళ్లో ఇంకెందరున్నారో రాసుకు రమ్మని ఒక విద్యార్థినికి పురమాయించారు. వారం తిరిగేసరికి జాబితా వచ్చింది: 42 మంది, అందరి అవసరమూ కలిపి 856 టాకాలు, అంటే 27 డాలర్లు. నా దృష్టిలో ఆ పుస్తకం మొత్తంలో విలువైన పేజీ అదే. ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో ఊరు ఊరంతా మొదటిసారి కాగితం మీదికి వచ్చింది, తెచ్చింది ఒక విద్యార్థిని.

ఆకుల కథ ఇంకోలా మొదలవుతుంది. హైదరాబాదులో పుట్టి, న్యూయార్క్ రాష్ట్రంలో పెరిగి, డిగ్రీ పూర్తయ్యాక మెదక్ జిల్లాలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేశారు. 1994-95లో ఫుల్‌బ్రైట్ విద్యార్థిగా మళ్లీ వచ్చి అప్పుల పథకం ఒకటి నడిపారు. పథకం చేరని ఊరి నుంచి ఒక స్త్రీ నడిచి వచ్చి, నేనూ పేదదాన్నే కదా, నాకెందుకివ్వరని నిలదీసింది. నిధులు లేవని చెప్పి పంపాల్సి వచ్చింది. ఆ ప్రశ్న ఆయన్ను వదల్లేదు. షికాగోలో పరిశోధన చేస్తూనే 1997లో ఎస్‌కేఎస్ అనే సూక్ష్మ రుణ సంస్థను స్థాపించారు, 1998లో నారాయణఖేడ్ ప్రాంతంలో తొలి అప్పులిచ్చారు.

రెండు మొదళ్లలోనూ నిజాయితీ ఉంది. కానీ ఒకరికి ఎదురైనది ‘నీ బాకీ ఎంత, ఎవరికి’ అన్న ప్రశ్న. మరొకరికి ఎదురైనది ‘మీ అప్పు నా దాకా ఎందుకు రాదు’ అన్న ప్రశ్న. మొదటి ప్రశ్న ఇంటింటి లెక్కకు దారి తీసింది, రెండోది విస్తరణకు. తర్వాత వచ్చిన మంచిచెడులన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి.

పని తీరులో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అప్పట్లో జోబ్రాలో ఆడవాళ్లు పరాయి మగవాడి ఎదుటికి వచ్చేవారు కాదు. అందుకని యూనస్ ఇళ్ల మధ్య ఖాళీ జాగాలో కూర్చునేవారు. ఆయన ప్రశ్నను విద్యార్థిని లోపలికి తీసుకెళ్లేది, జవాబు పట్టుకుని మళ్లీ బయటికి వచ్చేది. ఇలా గంటలకు గంటలు. యూనస్ స్థాపించిన గ్రామీణ్ బ్యాంకు తొలి సిబ్బందిలో నూర్జహాన్ బేగం, దీపాల్ చంద్ర బరువా వంటివాళ్లు ఆయన శిష్యులే. నమ్మకం కుదరడానికి ఎంత సమయం పడితే అంతా పట్టనిచ్చారు. 1976 నాటి ప్రయత్నం 1983లో గానీ బ్యాంకు కాలేదు.

ఆకులకు ఈ నిదానమే అడ్డంకిగా కనిపించింది. పెద్ద కంపెనీలు సిబ్బందికి తర్ఫీదు ఇచ్చే పద్ధతులను అరువు తెచ్చుకున్నారు. చిల్లర లెక్కపెట్టడంలో పొద్దు పోతోందని వాయిదాలను సరి మొత్తాలుగా మార్చారు. కాగితాల పనిని కంప్యూటర్లకు అప్పగించారు. పుస్తకంలో ఈ భాగాలు చదువుతుంటే ఆయన తెలివితేటలను మెచ్చుకోకుండా ఉండలేం. 2010 నాటికి సభ్యులు సుమారు 70 లక్షలు. ఆ ఆగస్టులో ఎస్‌కేఎస్ షేర్ మార్కెట్‌కు వెళ్లింది, ఇష్యూ విలువ 1,600 కోట్ల రూపాయల పైమాటే. సెప్టెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ఒక చర్చలో గురువు లాంటి యూనస్, ఆకుల ఒకే వేదిక మీద ఎదురుబొదురుగా కూర్చున్నారు. పేదల మీద లాభాలు తీయడం తప్పుదారి అని యూనస్, మదుపరుల డబ్బు రాకుండా కోట్లమందికి చేరలేమని ఆకుల వాదించారు. నెల తిరక్కుండానే ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు వచ్చింది. వారం వారం వసూళ్లు ఆగిపోయాయి, ఇళ్ల ముందు వసూళ్లు నిషిద్ధమయ్యాయి. 2011 నవంబరులో ఆకుల సంస్థ నుంచి తప్పుకున్నారు. పుస్తకం కూడా 2010లోనే వెలువడింది. అందువల్ల అందులో ఆశ ఉంది గానీ, దాని పర్యవసానం లేదు.

ఇంతవరకూ చూస్తే యూనస్ వైపే మొగ్గు చూపాలనిపిస్తుంది. అయితే ఆయన పుస్తకంలోనూ ఒక లోటు ఉంది. పేదలకు శిక్షణలు అక్కర్లేదని, బతకడం వాళ్లకు ఇప్పటికే వచ్చునని, పెట్టుబడి అందితే చాలునని ఆయన గట్టిగా వాదిస్తారు. ఈ మాటలో పేదల మీద గౌరవం ఉంది. పీట అల్లడం సూఫియాకు ఎవరూ నేర్పనక్కర్లేదన్నదీ నిజమే. కానీ అల్లిక వేరు, అప్పుల లెక్క వేరు. మూడు చోట్ల తెచ్చిన బాకీల్లో ఏది ముందు తీర్చాలో చేతి పనితనం చెప్పదు. అలా కొరత అంతా డబ్బుదేనని ఇద్దరూ అనుకున్నారు.

హైదరాబాదులో జరిగిన ఒక అధ్యయనం ఈ అనుమానానికి బలం ఇస్తుంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, సహ పరిశోధకులు 2005లో మొదలుపెట్టి 104 బస్తీలను పరిశీలించారు. స్పందన అనే సూక్ష్మ రుణ సంస్థ కొన్నింటిలో ముందు శాఖలు తెరిచింది, కొన్నింటిలో తర్వాత. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు పెట్టుబడి పెంచుకున్నారు. కానీ సగటు కుటుంబం ఖర్చు స్థాయిలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనబడలేదు. అప్పు కొందరికి ఉపయోగపడింది, అద్భుతం మాత్రం జరగలేదు. డొమినికన్ రిపబ్లిక్‌లో డ్రెక్స్‌లర్, ఫిషర్, షోర్ చేసిన పరిశోధన 2014లో అచ్చయింది. వాళ్లు చిన్న వ్యాపారుల్లో కొందరికి పూర్తి అకౌంటింగ్ పాఠాలు చెప్పించారు. మరికొందరికి సులువైన సూత్రాలు మాత్రమే చెప్పారు. కొట్టు డబ్బు ఒక సొరుగులో, ఇంటి డబ్బు ఇంకో సొరుగులో పెట్టుకోవడం అందులో ముఖ్యమైనది. అకౌంటింగ్ పాఠాల వల్ల పెద్దగా ఫలితం లేదు. సులువు సూత్రాలు నేర్చుకున్నవాళ్ల లెక్కలు మెరుగుపడ్డాయి, గిరాకీ తగ్గిన వారాల్లో అమ్మకాలూ నిలదొక్కుకున్నాయి. చదువుకుంటున్న కుర్రవాడు బజారులో చేయగల పని ఏమిటో ఈ ఫలితమే చెబుతోంది.

మన బజారులోకి వద్దాం. ఇక్కడ తోపుడు బండికి, టిఫిన్ బండికి రోజువారీ ఫైనాన్స్ కొత్త కాదు. మామూలుగా నడిచే పద్ధతి ఇది: 10,000 అప్పు అంటారు, ముందే 1,000 పట్టుకుని 9,000 చేతిలో పెడతారు, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. నూటికి పది రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ 9,000 వంద రోజులూ మన దగ్గర ఉండదు. మొదటి రోజు నుంచే తరిగిపోతూ ఉంటుంది. సగటున మన చేతిలో ఉన్నది అందులో సగమే. లెక్క సరిగా కడితే నెలకు నూటికి ఆరు రూపాయల పైచిలుకు వడ్డీ పడుతుంది. అదే బండికి 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి కింద తొలి విడత 10,000 బ్యాంకులో ఇచ్చేవారు, సక్రమంగా కడితే 7 శాతం వడ్డీ రాయితీ. ఆ ఏడాది నవంబరులో రాష్ట్రం వడ్డీ లేకుండా 10,000 అప్పు ఇప్పించే జగనన్న తోడు పథకం తెచ్చింది. రోజువారీ అప్పు, బ్యాంకు అప్పు ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి చూపిస్తే తేడా అర్థం కావడానికి ఏ ఉపన్యాసమూ అక్కర్లేదు. ఆ కాగితం రాసేవాళ్లే కరువు.

రాయగలిగినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020-21లో మార్చిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి అయింది, 180 గంటలు. నందిగామ కేవీఆర్, జగ్గయ్యపేట ఎస్జీఎస్ కళాశాలల పిల్లలకు ఈ బజారు పరాయిది కాదు. యూనస్‌కు మధ్యవర్తి కావాల్సి వచ్చింది, ఆకుల సముద్రాలు దాటి రావాల్సి వచ్చింది. వీళ్లు పిన్నీ, బాబాయ్ అని పిలుస్తూ బండి దగ్గర బల్ల మీద కూర్చోగలరు. ఈ ప్రాజెక్టు మీద నాకు గొప్ప ఆశ ఉంది, అందుకే దాని నడక మీద విమర్శ కూడా ఉంది. ప్రశ్నావళి ఒకటి పట్టుకెళ్లి ‘మీ నెలసరి ఆదాయం ఎంత’ అని అడిగితే ఎవరైనా నోటికొచ్చిన అంకె చెబుతారు. ఆ అంకె రిపోర్టులో చేరుతుంది, రిపోర్టు కాలేజీ బీరువాలో చేరుతుంది, బండి దగ్గర మాత్రం ఏమీ మిగలదు.

అడగవలసిన తీరు వేరు. ‘ఇవాళ ఎన్ని కేజీల పిండి పట్టింది పిన్నీ? పల్లీలు రొక్కానికి తెచ్చావా, అరువా? సిలిండర్ ఎన్నాళ్లొస్తోంది? ఇంట్లోవాళ్లు తిన్న ఇడ్లీలు లెక్కలో వేశావా?’ ఇలా ఒక్కొక్కటే అడిగితే ఆమెకే తెలియని లాభమో నష్టమో బయటపడుతుంది. పిల్లవాడి ఫీజు గల్లాపెట్టెలోంచి తీయడం వల్లే సరుకుకు డబ్బు తక్కువై రోజువారీ ఫైనాన్స్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చిందన్న సంగతి అప్పుడు కళ్లకు కడుతుంది. రెండు డబ్బాలు, ఒక నోటు పుస్తకం, బాకీల జాబితా ఒకటి: ఇంతే సరంజామా. నూరు ఇళ్ల సర్వే కంటే ఐదు బండ్ల లెక్క నెల రోజులు రాయించడం మేలైన ప్రాజెక్టు అవుతుంది.

దీనికి మన ఊళ్లోనే మాదిరి ఉంది. డ్వాక్రా సంఘం నిలబడింది పొదుపు వల్ల, తీర్మానాల పుస్తకం వల్ల. ఎవరు ఎంత కట్టారో, ఎవరికి ఎంత ఇచ్చారో పది మంది ముందు చదివి సంతకాలు పెడతారు. ఆ పుస్తకం సంఘం దగ్గరే ఉంటుంది. 2006లో ఇబ్బంది పడ్డ కుటుంబాల పద్దులు సంస్థల దగ్గర విడివిడిగా ఉన్నాయి. ఏ సంస్థకూ తన బాకీ తప్ప తక్కినవి కనబడలేదు. ఇంటివాళ్ల చేతిలో మొత్తం బాకీ రాసిన కాగితం ఒక్కటీ లేదు. మూడో అప్పు తీసుకునే ముందు ఆ కాగితం కళ్లెదుట ఉంటే చాలామంది ఆగేవారని నా నమ్మకం.

కాబట్టి ఈ రెండు పుస్తకాల మధ్య నా తీర్పు ఇది. ఆకుల అడిగిన ప్రశ్న న్యాయమైనది, ఎవరినీ వదిలిపెట్టకూడదన్న ఆయన తపన గౌరవించదగ్గది. అయినా చిన్న వ్యాపారికి అప్పు వేగంగా చేరడం కంటే లెక్క ముందుగా చేరాలి. ఆ విషయంలో జోబ్రా జాబితాయే విద్యార్థులకు సరైన దారి. కానీ ఆ 42 పేర్ల జాబితా కూడా పంతులు గారి చేతికే వెళ్లింది. మనం సరిదిద్దాల్సింది అక్కడే. విద్యార్థి రాసిన పద్దు వ్యాపారి దగ్గరే ఉండాలి, వ్యాపారికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి, విద్యార్థి వెళ్లిపోయాక కూడా వ్యాపారి స్వయంగా రాసుకోగలగాలి. కళాశాలలు మార్కులు వేసేటప్పుడు రిపోర్టు బైండింగును పక్కన పెట్టి, రెండు నెలల తర్వాత బజారుకు వెళ్లి ఆ నోటు పుస్తకం తెరిచి చూడాలి. అందులో నిన్నటి తేదీతో పద్దు ఉంటే ఆ 180 గంటలు సార్థకమైనట్టే.