టైటానిక్ సినిమాలో మర్డాక్‌కి జరిగిన అన్యాయం

టైటానిక్ సినిమా నేను మూడుసార్లు చూశాను. మొదటిసారి ఓడ మునుగుతుంటే భయమేసి అమ్మ కొంగు పట్టుకున్నాను. రెండోసారి ఏడ్చాను. మూడోసారి మాత్రం కోపం వచ్చింది. ఎందుకో చెబుతాను. ప్రేమకథ గురించి ఇక్కడ రాయను, అది అందరికీ తెలిసిందే.

1997లో జేమ్స్ కామెరాన్ తీసిన ఈ సినిమాకి 11 ఆస్కార్ అవార్డులు వచ్చాయి. దీనికోసం ఆయన చిన్న జలాంతర్గామిలో సముద్రం అడుగుకి దిగి, అసలు ఓడ శిథిలాలను కళ్లారా చూసి వచ్చాడు. పళ్లాలు, తివాచీలు, పెద్ద మెట్లు అన్నీ పాత ఓడలో ఉన్నట్టే చేయించాడు. ఓడ విరిగి మునగడం కూడా నిజంగా జరిగిందే. 1958లో ఇదే ప్రమాదం మీద వచ్చిన 'ఎ నైట్ టు రిమెంబర్' అనే బ్లాక్ అండ్ వైట్ సినిమాలో ఓడ విరగకుండా ఒకే ముక్కగా మునుగుతుంది. ఎందుకంటే అప్పటి విచారణలో లైటోలర్ అనే ఆఫీసరు అలాగే చెప్పాడు, పెద్దలు నమ్మారు. విరిగిందని చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో జాక్ థేయర్‌కి 17 ఏళ్లు, ఈవా హార్ట్‌కి 7 ఏళ్లు. ఈవా ముసలితనం వచ్చేదాకా అదే మాట మీద నిలబడింది. 1985లో శిథిలాలు రెండు ముక్కలుగా దొరికాక గాని ఆ మాట నిజమని తేలలేదు. (ఇది చదివినప్పుడు నాకు భలే సంతోషమైంది.)

ఇంత జాగ్రత్త ఉన్న దర్శకుడు విలియం మర్డాక్ విషయంలో ఏం చేశాడు?

మర్డాక్ నిజమైన మనిషి. స్కాట్లాండ్‌లోని డాల్‌బీటీ ఊరివాడు. టైటానిక్‌లో ఫస్ట్ ఆఫీసరు, వయసు 39. 1912 ఏప్రిల్ 14 రాత్రి 11.40కి ఓడ మంచుకొండకి గుద్దుకున్నప్పుడు డ్యూటీలో ఉన్నది ఆయనే. తర్వాత కుడివైపు పడవలు దింపించిందీ ఆయనే. ఎడమవైపు లైటోలర్ ఆడవాళ్లు, పిల్లలు తప్ప ఇంకెవరినీ ఎక్కనివ్వలేదు. మర్డాక్ మాత్రం దగ్గర్లో ఆడవాళ్లు లేకపోతే మగవాళ్లనీ ఎక్కించాడు. అలా బతికినవాళ్లు ఎందరో. తప్పు చేయలేదని కాదు. 40 మంది పట్టే పడవని ఒకసారి 12 మందితోనే పంపేశాడు. ఓడలో 2,200 మందికి పైగా ఉంటే పడవలన్నీ కలిపి 1,178 మందికే చోటు. అలాంటప్పుడు ఇది చిన్న తప్పు కాదు.

కానీ సినిమా ఆ తప్పుని పట్టుకోలేదు. దానికి బదులు మర్డాక్ ఒక ధనవంతుడి దగ్గర డబ్బు తీసుకున్నట్టు చూపించింది. గుంపు తోసుకొస్తుంటే పిస్తోలుతో ప్రయాణికుణ్ణి కాల్చి చంపినట్టు, ఆ వెంటనే తనని తాను కాల్చుకున్నట్టు చూపించింది. డబ్బు సంగతి పూర్తిగా కల్పన. ఎవరో ఆఫీసరు కాల్చాడని కొందరు చెప్పిన మాట నిజమే గాని, అది ఎవరో తేలలేదు. బతికి బయటపడ్డ ఆఫీసర్లయితే మర్డాక్ భార్యకి ఉత్తరం రాసి, ఆయన చివరిదాకా పడవ దింపే పనిలోనే ఉన్నాడని చెప్పారు.

"సినిమా అంటే కల్పనే కదా" అని అన్నయ్య నాతో వాదించాడు. జాక్, రోజ్ కల్పిత పాత్రలు, వాళ్లని ఎలా చూపించినా ఎవరికీ నష్టం లేదు. ఈ ఆఫీసరుకి కూడా వేరే పేరు పెట్టి ఉంటే సరిపోయేది. పళ్లెం మీద గీత కూడా తప్పకూడదనుకున్న మనిషికి ఇది తట్టలేదంటే నేను నమ్మను.

సినిమాలో మెచ్చుకోవాల్సినవి లేవా అంటే ఉన్నాయి. హెరాల్డ్ లో అనే ఆఫీసరు పడవ వెనక్కి తిప్పి, నీళ్లలో ప్రాణాలతో ఉన్నవాళ్ల కోసం వెతికే సీను నాకు అన్నిటికన్నా నచ్చింది. లైఫ్‌బెల్టులు ఉండి కూడా, తేలుతూనే చలికి చనిపోయారు చాలామంది. అది జరిగిందే, జరిగినట్టే తీశారు. అందుకే మర్డాక్ సీను ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. పక్కనున్నవన్నీ నిజాలైతే చూసేవాళ్లు ఇదీ నిజమే అనుకుంటారు.

డాల్‌బీటీ హైస్కూల్లో మర్డాక్ పేరు మీద ఒక బహుమతి ఉంది. 1998లో సినిమా కంపెనీ అధికారి ఒకాయన ఆ ఊరికి వెళ్లి క్షమాపణ చెప్పి, ఆ బహుమతి నిధికి 5,000 పౌండ్లు ఇచ్చాడు. కామెరాన్ కూడా తర్వాత పశ్చాత్తాపపడ్డాడు. సీను మాత్రం అలాగే ఉంది. మొన్న సెలవుల్లో టీవీలో మళ్లీ వచ్చింది. "ఈయన చెడ్డవాడా అక్కా?" అని తమ్ముడు అడిగాడు. టీవీ సౌండు తగ్గించి ఇదంతా చెప్పడం మొదలుపెట్టాను. నేను డాల్‌బీటీ దాకా వచ్చేసరికి వాడు నిద్రపోయాడు.