సొంత సైటుకు దారి ఎవరు వేయాలి?

సొంత వెబ్‌సైటు పెట్టుకోవడం ఇప్పుడు పెద్ద పనేమీ కాదు. డొమైన్ పేరుకు ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ అవుతుంది. చిన్న సైట్లకు హోస్టింగ్ ఉచితంగా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అసలు ప్రశ్న ఆ తర్వాతే: రాసింది చదివేవాళ్లకు చేరేదెలా? చాలామంది దీన్ని, సెర్చిలో సైటు పైన కనిపించేలా చేసే ఎస్‌ఈఓ నిపుణులకు వదిలేసే పనిగా చూస్తారు. అది రాసేవాళ్ల పనే, రాతలో భాగమే అని నా నమ్మకం. విషయాన్ని విప్పి చెప్పే మాటలు, ఇతరుల సైట్లతో కలిపే లింకులు: పాఠకుణ్ణి తీసుకొచ్చేవి ప్రధానంగా ఈ రెండే.

ముందు మాటల సంగతి. తెలుగు పత్రికలు మొదట్లో ఎవరి ఫాంట్లతో వాళ్లు నెట్‌లోకి వచ్చాయి. తెర మీద తెలుగే కనిపించేది కానీ, లోపల దాగినవి వేరే అక్షరాల సంకేతాలు. సెర్చింజన్ దృష్టిలో ఆ పేజీలో తెలుగే లేదు. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటు దొరికినా, అది మన కంప్యూటర్లలో వాడుకలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా ఎక్కించిన తెలుగు చాలావరకు వెతికినా దొరకలేదు. అదే పొరపాటు ఇప్పుడు వేషం మార్చుకుంది. కవితను పోస్టరు బొమ్మగా పెడుతున్నాం, పాత ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌ను అలాగే ఎక్కిస్తున్నాం. శీర్షికల్లోనూ అంతే. కొండపల్లి బొమ్మల తయారీ గురించి శ్రద్ధగా రాసి, పైన ‘ఒక జ్ఞాపకం’ అని పెడితే, తెల్ల పొణికి కర్ర గురించి వెతికేవాడికి అది తగలదు. ‘తెల్ల పొణికి కర్రతో కొండపల్లి బొమ్మ ఎలా చేస్తారు’ అన్న శీర్షికలో అందం కాస్త తగ్గొచ్చు, కానీ అది పాఠకుడి ప్రశ్నకు నేరుగా జవాబు చెబుతుంది.

ఇక లింకులు. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ను నిలబెట్టింది ఒక సులువైన ఆలోచన మీద: ఒక పేజీ విలువను దానికి లింకు ఇచ్చిన ఇతర పేజీలు చెబుతాయి. ఆ లెక్కలో తర్వాత ఎన్నో అంశాలు చేరినా లింకు విలువ పోలేదు. తెలుగు బ్లాగులు కళకళలాడిన రోజుల్లో లింకులతో పాఠకులను చేర్చే పనిని కూడలి, జల్లెడ, మాలిక వంటి సంకలినులు చేశాయి. ఎక్కడ ఎవరు కొత్తగా రాసినా అక్కడ కనిపించేది. కొత్త బ్లాగరుకు మొదటి పాఠకులు దొరికింది సెర్చింజన్‌లో కంటే తోటి బ్లాగర్లలోనే.

ఫేస్‌బుక్ ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతారు. అక్కడ పాఠకులు త్వరగా దొరికే మాట నిజం. కానీ ఆ చోటు మనది కాదు. ఉచితంగా సొంత పేజీలు పెట్టుకోనిచ్చిన జియోసిటీస్ 2009లో, ఫేస్‌బుక్ లాంటిదే అయిన ఆర్కుట్ 2014లో మూతపడ్డాయి. వాటిలో రాసుకున్నవాళ్లకు తమ రాతల మీద చివరి మాట దక్కలేదు. కాబట్టి రాత మూలప్రతి సొంత సైటులో ఉండాలి, ఫేస్‌బుక్‌లో దాని లింకు ఉండాలి. ఇంకో అభ్యంతరం బలమైనది: ఏఐ జవాబును పైనే చూపిస్తుంటే సైటు దాకా ఎవరొస్తారు? తేదీలు, కొలతలు అడిగేవాళ్లు రాకపోవచ్చు. కానీ ఒక మనిషి ఆలోచన తీరు కోసం వచ్చే పాఠకుడు, తాను నమ్మే మరో మనిషి చెబితే వస్తాడు. అందుకే సెర్చి మీద ఆధారం సన్నగిల్లేకొద్దీ లింకు విలువ పెరుగుతుంది.

కాబట్టి సైటు పెట్టిన ప్రతి తెలుగువాడూ తనకు నచ్చిన ఇతరుల సైట్ల పట్టిక ఒకటి ఉంచాలి. ప్రతి వ్యాసంలో తాను చదివి నేర్చుకున్న పేజీలకు లింకు ఇవ్వాలి. మనకు లింకు రావాలని కోరుకునే ముందు మనం ఇవ్వడం మొదలుపెట్టాలి. సంకలినులు చేసిన పనిని ఇక మనమే తలా కొంచెం పంచుకోవాలి.