మీరెవరండీ?

అద్దెకి ఇల్లు వెతుక్కున్నవాళ్ళకి ఈ ప్రశ్న బాగా తెలుసు. "మీరెవరండీ?" అంటే పేరు చెప్పీ ప్రయోజనం లేదు, ఉద్యోగం చెప్పీ ప్రయోజనం లేదు. అడిగినాయనకి కావలసింది అవి కావు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు, ఇరవై ఒకటో శతాబ్దం మన ఊరికి రెండేళ్ళు ముందే వచ్చేసిందని మురిసిపోయాం. ఆ శతాబ్దంలో పాతికేళ్ళు గడిచాయి. మాదాపూర్‌లో, కొండాపూర్‌లో అద్దాల మేడలు లేచాయి. ఇంటివాళ్ళు మాత్రం ఇప్పటికీ "మీరెవరండీ?" అనే అడుగుతున్నారు. ఇప్పుడు గేటు దగ్గర ఫొటో కూడా తీసుకుంటున్నారు. అంతే తేడా!

నెల్లాళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదలకుండా పట్టుకుంది. దానికి కారణాలు రెండు. ఒకటి పాట, రెండోది ఉత్తరం.

ముందు పాట సంగతి చెప్తాను. మా అమ్మాయి ఆఫీసుకి ఎదురుగా ఓ కాఫీ దుకాణం ఉంది. దానికోసం ఎదురుచూస్తూ అక్కడ కూర్చుంటే గోడల్లోంచి సాక్సోఫోన్ వినిపిస్తూ ఉంటుంది. హైటెక్ సిటీలో జాజ్ సంగీతం గతి ఇంతే. కాఫీ పొగలాగా గాల్లో తేలుతుంటుంది గానీ ఎవరూ వినరు. అమెరికాలో నల్లజాతివాళ్ళు తమ దుఃఖాన్నీ పౌరుషాన్నీ కలిపి పుట్టించిన సంగీతం ఇక్కడ గోడకి రంగైపోయింది. ఆ రోజు మాత్రం నా చెయ్యి కప్పు మీదే ఆగిపోయింది. మన సన్నాయికి దూరపు చుట్టంలా ఏదో గొంతు, దాని వెనక అరబ్బు ఆలాపన! మా అమ్మాయి రాగానే, "ఇదెవరే?" అన్నాను. ఫోను ముందు పెట్టి క్షణంలో చెప్పింది. గిలాద్ ఆట్జ్‌మోన్, రికార్డు పేరు 'ఎక్సైల్', 2003.

ఎక్సైల్ అంటే ప్రవాసం, దేశం విడిచిన బతుకు. ఆట్జ్‌మోన్ 1963లో టెల్ అవీవ్‌లో యూదుల ఇంట పుట్టాడు. పదిహేడేళ్ళ వయసులో ఓ రాత్రి రేడియోలో చార్లీ పార్కర్ సాక్సోఫోన్ విన్నాననీ, అంత గొప్పగా వాయించినవాడు నల్లవాడని తెలిశాక, తమ జాతే అందరికంటే మిన్న అని నేర్చుకున్న పాఠం కదిలిపోయిందనీ ఆయనే రాసుకున్నాడు. తర్వాత సైన్యంలో ఉండగా లెబనాన్‌లో ఖైదీల శిబిరం చూశాడు. 1994లో ఇజ్రాయెల్ విడిచి ఇంగ్లండు చేరాడు. తన బృందానికి పెట్టుకున్న పేరు 'ఓరియెంట్ హౌస్'. అది తూర్పు జెరూసలేంలో పాలస్తీనా వాళ్ళ కచేరీ నడిచిన భవనం పేరు. 2001లో ఇజ్రాయెల్ దాన్ని మూయించేసింది. మూసిన ఇంటి పేరుని ఊరూరా వేదికలెక్కించాడన్నమాట!

'ఎక్సైల్'లో ఆయన చేసిన పని చిన్నది కాదు. యూదులు తరాలుగా పాడుకున్న బాణీలనీ, ఇజ్రాయెలీయులు గర్వంగా పాడుకునే బాణీలనీ తీసుకుని పాలస్తీనా వాళ్ళ వ్యథవైపు మళ్ళించాడు. పాలస్తీనా మూలాలున్న గాయని రీమ్ కెలానీ చేత పాడించాడు. ట్యునీషియా నుంచి ధాఫర్ యూసెఫ్ గొంతు కలిపాడు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళ పాట, ఆ తర్వాత ఇంకెవరో ఇల్లు పోగొట్టుకుంటే వాళ్ళకీ సరిపోయింది. ఆ సంవత్సరం బి.బి.సి. వాళ్ళ జాజ్ బహుమతి ఈ రికార్డుకే వచ్చింది.

ఇదేం మనకి కొత్త విద్య కాదు. పల్లెలో నాట్లేసేటప్పుడు పాడే బాణీని జననాట్యమండలి వాళ్ళు తీసుకుని దొరని నిలదీసే పాట కట్టలేదూ? బాణీ పాతదైతే వినేవాడి మనసు తలుపు తీసే ఉంటుంది. కొత్త మాట లోపలికొచ్చి కూర్చున్నాక గానీ వాడికి తెలియదు. జాజ్‌లో ఉన్న గుట్టూ ఇదే. తెలిసిన పాటతో మొదలుపెట్టి, తెలియని చోటుకి తీసుకుపోతారు.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం నాలుగు మెచ్చుకోళ్ళతో ముగిసేది. కానీ ఆట్జ్‌మోన్ సాక్సోఫోన్ పక్కన పెట్టి కలం పట్టాడు. 2011లో 'ది వాండరింగ్ హూ?' అని పుస్తకం రాశాడు. దేశదిమ్మరి యూదుడని యూరపువాళ్ళు చెప్పుకునే పాత కట్టుకథ పేరులో ఒక్క మాట మార్చి, 'తిరుగాడే ఎవరు?' అన్నాడు. చూశారా, మన ఇంటివాళ్ళ ప్రశ్నే!

నేనెవరిని అని తనని తాను అడుగుకున్నంతసేపూ ఈ పుస్తకం చదివిస్తుంది. "నేను పుట్టిన గుంపు పేరు నాకు అక్కర్లేదు" అనే హక్కు ఏ మనిషికైనా ఉంది. చిక్కెక్కడొచ్చిందంటే, తన పేరు తను వదులుకున్నాక కూడా ఆయన ఊరుకోలేదు. మిగతా యూదులందరి తరఫునా తనే తీర్పు చెప్పడానికి కూర్చున్నాడు. ఓ ప్రభుత్వం చేసిన పాపాన్ని ఓ జాతి స్వభావానికి అంటగట్టాడు. ఈ మాట నాది మాత్రమే కాదు. 2012 మార్చిలో అలీ అబూనిమా, ఒమర్ బర్ఘూతీ, జోసెఫ్ మసాద్ లాంటి పాలస్తీనా వాళ్ళే, యూదులమీద ద్వేషాన్ని మా పోరాటంలోకి తేవద్దు, మీతో మాకు పొత్తు వద్దు అని బహిరంగంగా సంతకాలు చేశారు. ఇళ్ళు పోయినవాళ్ళు చేసిన సంతకాలవి. వాటి బరువు వేరు.

అదీగాక, జాజ్ వాయించేవాడు జాజ్ చరిత్రనైనా గుర్తుంచుకోవద్దూ! నల్లవాళ్ళనీ తెల్లవాళ్ళనీ ఒకే వేదికమీద కూర్చోనివ్వని రోజుల్లో టెడ్డీ విల్సన్‌నీ లయొనెల్ హాంప్టన్‌నీ పక్కన పెట్టుకు వాయించిన బెన్నీ గుడ్‌మన్ యూదుడే. నల్లవాళ్ళని చెట్లకి ఉరితీస్తున్న అమెరికాని సిగ్గుపడేట్టు చేసిన పాట 'స్ట్రేంజ్ ఫ్రూట్'. 1939లో బిల్లీ హాలిడే దాన్ని రికార్డు చేసింది. ఆ పాట రాసిన ఏబెల్ మీరొపోల్ న్యూయార్కులో బడిపంతులు. ఆయనా యూదుడే. 'యూదులంతా ఇలాగే' అనే వాక్యానికి జాజే పెద్ద జవాబు. ఆయన వాయిద్యానికి తెలిసిన ఈ సంగతి ఆయన కలానికి తెలియలేదు.

హమ్మయ్య, ఎక్కడో దూరాన ఉన్నవాడి తప్పు పట్టేశాను అనుకుంటూ కలం మూయబోయాను. సరిగ్గా అప్పుడే ఉత్తరం వచ్చింది.

చాలా ఏళ్ళ క్రితం నేనో నవల రాశాను. అందులో నవ్వించడానికి ఓ పాత్ర పెట్టాను. గుంటూరు జిల్లా పల్లెటూరివాడు, ఉన్నట్టుండి "మేం యూదులం" అని పేరు మార్చుకుంటాడు. విమానం టిక్కెట్టు కోసమే ఈ వేషమని హీరోయిన్ చేత ఎద్దేవా చేయించాను. పాఠకులు నవ్వారు. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళకి ఓ పాఠకుడు ఆ జిల్లానుంచి రాశాడు. తిట్టలేదు. "అమ్మా, మీరు మా వైపు ఎప్పుడైనా వచ్చారా?" అని మాత్రం అడిగాడు. నేను వెళ్ళలేదు. వెళ్ళకుండానే రాశాను.

సిగ్గుపడి, ఇప్పుడైనా చదువుదామని కూర్చున్నాను. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం. అక్కడ కొన్ని మాదిగ కుటుంబాలవాళ్ళు 1980ల చివర్లో తాము యూదులమనీ, ప్రాచీన ఇజ్రాయెల్‌లో చెదిరిపోయిన ఎఫ్రాయిము గోత్రపువాళ్ళమనీ బయటికి చెప్పడం మొదలుపెట్టారు. తమని 'బెనె ఎఫ్రాయిము' అని పిలుచుకుంటారు. యాకోబీ అన్నదమ్ములు, ష్మూయేల్, సాదోక్, ముందు నడిచారు. చిన్న ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. హీబ్రూ నేర్చుకుంటున్నారు, శనివారం విశ్రాంతి పాటిస్తున్నారు. వీళ్ళమీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి రాసిన ఇంగ్లీషు పుస్తకం 'ది జ్యూస్ ఆఫ్ ఆంధ్ర ప్రదేశ్' 2013లో వచ్చింది. అందులో నాకు నచ్చిందేమిటంటే, 'వీళ్ళు నిజంగా యూదులా?' అని తక్కెడ పట్టుకు కూర్చోలేదు. ఈ మాట అనడంవల్ల కులం అనే గోడమీద ఎక్కడ దెబ్బ పడుతుందో, ఎక్కడ పడదో చూశారు. నావల్ల కానిది వాళ్ళు చేశారు. ఊరికి వెళ్ళి, ఉండి, విన్నారు. లోటల్లా ఒకటే. అది పండితుల ఇంగ్లీషు. కొత్తరెడ్డిపాలెం గురించిన పుస్తకాన్ని పక్క ఊరివాళ్ళు చదువుకునే వీలు లేకపోతే ఎలా?

"రుజువేదీ?" అంటారు. నేనూ నా నవలలో అదే అడిగాను. ఇప్పుడు నాకో అనుమానం వస్తోంది. మా పుట్టింట సంకల్పం చెప్పేటప్పుడు ఫలానా ఋషి వంశంలో పుట్టామని వల్లిస్తారు. ఇన్నేళ్ళలో ఒక్కరైనా రుజువు అడిగారా? రాజుల వంశాలు సూర్యుడిదాకా, చంద్రుడిదాకా వెళ్ళాయి. ఎవరూ కొలవలేదు. వాడ చివర మనిషి తన తాతముత్తాతల గురించి ఓ కథ చెప్పుకోగానే కాగితాలు తెమ్మంటున్నాం. మాదిగలకి ఈ కథలు చెప్పుకోవడం కొత్తా? భూమి పుట్టకముందే మా జాంబవుడు పుట్టాడని డక్కలివాళ్ళు, చిందువాళ్ళు ఎన్ని తరాలనుంచి జాంబపురాణం చెబుతున్నారు! గ్రంథాలు రాసుకోనివ్వనివాళ్ళకి కథే దస్తావేజు.

అలాగని కళ్ళు మూసుకు చప్పట్లు కొట్టడమూ కుదరదు. ఇక్కడో ముడి ఉంది. 1950లో ఇజ్రాయెల్ చేసుకున్న చట్టం ప్రకారం ప్రపంచంలో ఏ మూల ఉన్న యూదుడైనా అక్కడికి 'తిరిగి' రావచ్చు. 1948లో ఆ నేలనుంచి వెళ్ళగొట్టబడినవాళ్ళు, పారిపోయినవాళ్ళు ఏడు లక్షలమందికి పైగా ఉన్నారు. వాళ్ళు తిరిగి రావచ్చని ఐక్యరాజ్యసమితి అదే ఏడాది డిసెంబరులో తీర్మానించింది. అది కాగితంమీదే ఉంది. తాళంచెవి చేతిలో ఉన్నవాళ్ళకి తలుపు లేదు! 1969లో ఆ దేశపు ప్రధాని గోల్డా మేయర్ అసలు పాలస్తీనీయులనే ప్రజలే లేరన్నారు. 'మీరెవరండీ?' దాటి 'మీరు లేరు' అనేదాకా వెళ్ళింది వ్యవహారం.

మణిపురం, మిజోరం రాష్ట్రాల బ్నై మెనాషే వాళ్ళని 2005లో ఇజ్రాయెల్ మతపెద్ద ఒకరు ఒప్పుకున్నారు. వేలమంది వెళ్ళారు. వాళ్ళలో కొందరిని పాలస్తీనా భూమిమీద, వెస్ట్ బ్యాంక్‌లో కట్టిన కాలనీల్లో దించారు. పేదవాడి కొత్త ఇల్లు ఇంకో పేదవాడి పాత ఇంటిమీద లేచింది. రేపు కొత్తరెడ్డిపాలేనికి పిలుపొస్తే ఏమిటి చెప్పడం? నాకు తోచిందిది. పేరు ఎవరిది వాళ్ళకి సొంతం. నేను యూదుణ్ణి అనుకోవడానికి ఒకరి అనుమతి అక్కర్లేదు, కాదనుకోవడానికీ అక్కర్లేదు. కానీ ఆ పేరు ఇంకొకరి గుమ్మానికి తాళంచెవి కాకూడదు. ఇంకొకరిమీద తీర్పూ కాకూడదు. ఆట్జ్‌మోన్ ఈ రెండో మాటలో తప్పాడు. ఇజ్రాయెల్ ప్రభుత్వం మొదటి మాటలో తప్పింది. నేను? వెళ్ళని ఊరిమీద తీర్పు రాశాను.

'ఎక్సైల్' మళ్ళీ విన్నాను, ఇంట్లో, పనులన్నీ అయ్యాక. రికార్డు మునుపటంత గొప్పగానూ ఉంది, మునుపటికంటే బాధగానూ ఉంది. ఇలా వినగలిగిన చెవి ఉన్నవాడు అలా ఎలా రాశాడా అనిపించింది. వెంటనే నా నవల గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఉత్తరానికి జవాబు రాశాను. తప్పు ఒప్పుకున్నాను. కొత్త ముద్రణ వేస్తే ఆ పాత్రని నవ్వుకోసం ఉంచనని మాటిచ్చాను. ఈ చలికాలం మీ వైపు వస్తాను, కూర్చోబెట్టి చెప్పండి, వింటాను అన్నాను.

మొన్న పక్క ఫ్లాటు అద్దెకి చూడడానికి కొత్త దంపతులు వచ్చారు. ఇల్లుగలావిడ ఊళ్ళో లేదు, తాళంచెవి నా దగ్గరుంది. ఫోనులోనే అడిగింది, "వాళ్ళెవరండీ, కనుక్కున్నారా?" అని.

"కనుక్కున్నానండీ. ఇల్లు కావలసినవాళ్ళు" అన్నాను.